పాత ఆల్టోలో వేరే బండి ఇంజిన్ ఎక్కించడం ఎలా?

లక్షన్నర కిలోమీటర్లు దాటిన ఆల్టో ఆయిల్ తాగుతూ నీలం పొగ వదులుతుంటే, హైదరాబాద్‌లో చాలామంది స్క్రాప్‌కు వచ్చిన ఇంకో బండి ఇంజిన్ కొని ఉన్నది ఉన్నట్టుగా ఎక్కించేస్తారు. కొన్ని నెలలకు అదీ పొగ మొదలుపెడుతుంది. కొన్న ఇంజిన్‌ను పూర్తిగా విప్పి, కొలిచి, కొత్త పిస్టన్ రింగులు, బేరింగులు వేశాకే బండిలోకి దించాలి. "నడుస్తోంది కదా, ఎందుకు విప్పడం" అనే మెకానిక్‌కు ఈ పని ఇవ్వకండి.

అసలు ఇంజిన్ మార్చాలా అన్నది ముందు తేల్చుకోండి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే కాసేపు పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పోయి ఉండొచ్చు, అది చిన్న ఖర్చు. నడుస్తున్నంతసేపూ పొగ వస్తూ, పికప్ కూడా పోతేనే ఇంజిన్ బోరుకొచ్చినట్టు, అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగినట్టు.

ఇంజిన్ కొనడం

796 సీసీ ఆల్టోకు 796 సీసీ ఇంజినే, అదీ దగ్గరి సంవత్సరాల మోడల్‌దే తీసుకోండి. బీఎస్ (పొగ కాలుష్య ప్రమాణం) మారినప్పుడల్లా సెన్సార్లు, వైరింగ్ మారాయి. ఆల్టో కే10లోని పెద్ద ఇంజిన్ వేస్తే పవర్ వస్తుందని ఎవరైనా చెబితే వినొద్దు. మౌంటింగులు, వైరింగ్ అన్నీ మార్చుకుంటూ పోవాలి.

ముందు నుంచి గుద్దుకున్న బండి ఇంజిన్ అయితే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివరి పుల్లీ ఊగుతోందేమో, బ్లాకుకు (సిలిండర్లుండే దిమ్మకు) పగుళ్లున్నాయేమో చూడండి. ఆయిల్ మూత కింద పాల మీగడలా ఉంటే వదిలేయండి. మూడు స్పార్క్ ప్లగ్గులూ తీయించి, సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టండి. సిలిండర్ల మధ్య తేడా గేజ్ మీద ఒక కేజీ (చదరపు సెంటీమీటరుకు) దాటితే నేను కొనను.

ఇంజిన్ నంబర్ రాసిన బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్చాక 14 రోజుల్లోగా ఆర్టీఏ ఆఫీసుకు తెలియజేసి, ఆర్‌సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి. బిల్లు లేకపోతే ఆ ఇంజిన్ దొంగబండిది కాదని మీరెలా చూపిస్తారు?

విప్పడం, లేత్ పని

చైన్ పుల్లీ, జాకీ స్టాండ్లు, సాకెట్ సెట్, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్), ఫీలర్ గేజ్ (సందులు కొలిచే రేకులు), ప్లాస్టిగేజ్ (సందులో నలిపి కొలిచే మెత్తని ప్లాస్టిక్ దారం) ఉంటే చాలు. బ్యాటరీ తీసి, కూలెంట్, ఆయిల్ దించి, ప్రతి వైరుకూ టేపు అంటించి పేరు రాసి, ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటూ పాత ఇంజిన్ దించండి. ఇది సగం రోజు పని.

కొత్తగా తెచ్చిన దాన్ని విప్పి బ్లాకు, హెడ్, క్రాంక్ లేత్ షాపుకు పంపండి. బోర్ అరిగితే ముందు ఓవర్‌సైజ్ (కాస్త పెద్ద) పిస్టన్లు కొని, ఆ పిస్టన్లు చేతికిచ్చి వాటి కొలతకు బోరింగ్ చేయించండి. బోరింగ్ అయ్యాక పిస్టన్లు వెతుక్కోవడం తలకిందుల పని. స్పేర్లకు రాణిగంజ్, పుత్లీబౌలి రెండూ తిరగండి. డబ్బా మీద సైజు ఏం రాసి ఉన్నా షాపులోనే వెర్నియర్‌తో కొలవండి.

క్రాంక్, బేరింగులు: ఇక్కడ తొందరపడొద్దు

క్రాంక్ జర్నల్‌కూ (బేరింగులో తిరిగే నున్నని భాగానికీ) బేరింగుకూ మధ్య ఉన్న సందులోనే ఆయిల్ పొర నిలుస్తుంది. చిన్న పెట్రోల్ ఇంజిన్లలో ఆ సందు సుమారు 0.02 నుంచి 0.05 మిల్లీమీటర్లు. తల వెంట్రుక కూడా దాదాపు అంతకన్నా మందమే. సందు ఎక్కువైతే ఆయిల్ పక్కల నుంచి కారిపోతుంది, ప్రెషర్ ఆగదు. మే నెలలో అమీర్‌పేట ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఆయిల్ లైటు మిణుకుమనడానికి చాలాసార్లు ఇదే కారణం. తక్కువైతే ఆయిల్ పొర నిలవక బేరింగు క్రాంక్‌కు పట్టేస్తుంది.

చాలా షెడ్లలో క్యాపులు (బేరింగును పట్టి ఉంచే మూతలు) బిగించి, క్రాంక్‌ను చేత్తో తిప్పి "ఫ్రీగా ఉంది సార్" అంటారు. 0.03కూ 0.08కూ తేడా చేతికి తెలియదు. మా తమ్ముడి బండిలో ఒక షెడ్డువాళ్లు బేరింగు వదులుగా ఉందని దాని వెనక సిగరెట్ పెట్టెలోని రేకు పెట్టారు. బేరింగు వీపు బ్లాకుకు పూర్తిగా ఆనితేనే వేడి బయటికి పోతుంది. అది మూడు వారాల్లో పట్టేసింది. ఇంకొందరు క్యాప్ అంచును ఆకురాయితో అరగదీస్తారు. ఆ తర్వాత బేరింగు కూర్చునే రంధ్రం గుండ్రంగా ఉండదు, బ్లాకే పాడైనట్టు.

జర్నల్ మీద గీతలుంటే 0.25 మిల్లీమీటర్ల గ్రైండింగ్ చేయించి, సన్నబడిన జర్నల్‌కు సరిపోయే 0.25 అండర్‌సైజ్ బేరింగులు వేయండి. జర్నల్ చివర్లలో ఉండే చిన్న వంపును అలాగే ఉంచమని లేత్ అతనికి ముందే చెప్పండి. అక్కడ పదునైన మూల వస్తే క్రాంక్ అక్కడే విరుగుతుంది. క్రాంక్ తిరిగొచ్చాక ఆయిల్ రంధ్రాల్లో సన్నని బ్రష్ దూర్చి, కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టండి. గ్రైండింగ్ పొడి మిగిలితే కొత్త బేరింగులను మొదటి రోజే కోసేస్తుంది. నేను ఈ పని తెల్లవారుజామున, ఫ్యాన్ ఆపి చేస్తాను. మన వేసవి గాలిలో దుమ్ము అంత ఉంటుంది.

ఇక కొలత. బేరింగు, జర్నల్ రెండూ ఆయిల్ లేకుండా పొడిగా తుడవండి. ప్లాస్టిగేజ్ ముక్కను జర్నల్ మీద క్రాంక్ పొడవు దిశలో పెట్టండి. ఏ క్యాప్‌ను దాని స్థానంలోనే, దాని మీది బాణం పుల్లీ వైపు ఉండేలా పెట్టి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు రెండు మూడు విడతల్లో బిగించండి. ఈలోపు క్రాంక్ కదలకూడదు. వెంట్రుకవాసి తిరిగినా ముక్క నలిగిపోయి కొలత తప్పుతుంది, మళ్లీ మొదటినుంచి చేయాలి. క్యాప్ విప్పి, నలిగిన ముక్క వెడల్పును కవరు మీది స్కేలుతో పోల్చండి. ముక్క వెడల్పుగా నలిగితే సందు తక్కువ, సన్నగా ఉంటే ఎక్కువ. ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా ఉంటే జర్నల్ ఏటవాలుగా ఉన్నట్టు. దాన్ని లేత్‌కు తిరిగి పంపండి.

నాలుగు మెయిన్ క్యాపులు, మూడు కనెక్టింగ్ రాడ్లు: ఏడు కొలతలూ కాగితం మీద రాయండి. ఆరు బాగున్నాయని ఏడోది వదిలేయకండి. తర్వాత ముక్కలను ఆయిల్ గుడ్డతో తుడవండి, గోరుతో గీకకండి. ఇప్పుడు ఆయిల్ పూసి బిగించండి. ఒక్కో క్యాప్ బిగించాక క్రాంక్ తిప్పి చూడండి. ఎక్కడ బరువెక్కిందో అప్పుడే తెలుస్తుంది.

మూయడం, నడపడం

పిస్టన్ రింగుల తెరిచిన చివర్లు (గ్యాపులు) ఒకదాని కింద ఒకటి రాకుండా చూడండి. హెడ్ గ్యాస్కెట్ కొత్తదే వేయండి. టైమింగ్ బెల్ట్ పెట్టాక క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడండి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. మన బోరు నీళ్లలోని సున్నం కొత్త ఇంజిన్‌లో పొరలుగా పేరుకుంటుంది.

మొదటిసారి ప్లగ్గులు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్ తిప్పండి, ఆ తర్వాతే ప్లగ్గులు పెట్టండి. స్టార్ట్ అయ్యాక గంటలకొద్దీ ఐడిల్‌లో వదలకండి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఒకే వేగంతో పోవడం కూడా రింగులకు మంచిది కాదు. చేవెళ్ల రోడ్డులాంటి చోట వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపండి. 500 కిలోమీటర్లకు మినరల్ ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి కాగితం మడతలు వెలుతురులో విప్పి చూడండి. సన్నని మెరుపు పొడి మొదటిసారి మామూలే. గోటికి తగిలే రేకులు కనిపిస్తే మాత్రం బండి ఇంటికి కూడా నడపకుండా అక్కడే సంప్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) విప్పించండి.