వంగ, బెండ మొక్కల్లో ఎర్రనల్లిని ఎలా గుర్తించాలి? ఎలా వదిలించుకోవాలి?

ఎండలు ముదిరేసరికి మిద్దెతోటలో వంగ, బెండ, గులాబీ ఆకులు పాలిపోతాయి. నీళ్లు చాల్లేదేమోనని ఇంకో చెంబు పోస్తాం. పోసే ముందు ఒక ఆకు తిరగేసి చూడండి.

ఎర్రనల్లి ఉండేది ఆకు అడుగున. అక్కడ రసం పీల్చేస్తుంటే, పైభాగాన సూదితో పొడిచినట్టు సన్నటి తెల్ల చుక్కలు కనిపిస్తాయి. కొన్నాళ్లకు ఆ చుక్కలన్నీ కలిసిపోయి ఆకు పసుపు తిరిగి రాలిపోతుంది. ముదిరితే ఈనెల పక్కన సన్నని సాలెగూడు, దానికి అంటుకున్న దుమ్ము.

అనుమానంగా ఉంటే తెల్లకాగితం మీద ఆకును నాలుగుసార్లు తట్టండి. కారప్పొడి రేణువుల్లాంటివి రాలతాయి. అర నిమిషం అలాగే చూడండి. కదిలితే నల్లి, కదలకపోతే దుమ్మే అయ్యుండొచ్చు. బాగా ఎదిగిన నల్లి కూడా అర మిల్లీమీటరే, కాబట్టి తొందరపడొద్దు.

మిరపకు ఎక్కువగా వచ్చేది వేరే నల్లి. ఆకు అంచులు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటే తెల్లనల్లి. పైకి ముడుచుకుంటే తామరపురుగు. రైతులు కింది ముడత, పై ముడత అనేది వీటినే. తెల్లనల్లి గూడు అల్లదు.

ఇక ఎర్రనల్లి సంగతి. ముందు ఆ కుండీని మిగతావాటికి దూరంగా జరపండి. బాగా పాడైన ఆకులు కోసి కవర్లో కట్టి పారేయండి, కంపోస్టులో వేయొద్దు. తర్వాత పొద్దున్నే పైపుతో ఆకుల అడుగుభాగానికి తగిలేలా గట్టిగా నీళ్లు కొట్టండి. రెండు మూడు రోజులకోసారి, కనీసం రెండు వారాలు. వేసవిలో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం పది రోజులు చాలు, అందుకే ఒక్కసారి కొట్టి ఊరుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

తగ్గకపోతే వేపనూనె. 5 మి.లీ. నూనెను కొంచెం సబ్బునీళ్లలో బాగా కలిపి, ఆ తర్వాతే లీటరు నీళ్లు పోయండి. సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా, వారానికోసారి మూడు వారాలు.

అప్పటికీ ఉంటే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. మండుటెండలో కొట్టొద్దు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు అసలే వద్దు, ఆకులు మాడిపోతాయి. దోస, కాకర లాంటి తీగజాతికి గంధకం జోలికి పోకపోవడమే మంచిది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. దొరికిన పురుగుమందు కొట్టకండి. నల్లికి ఎనిమిది కాళ్లు, అది సాలీడు చుట్టం, పురుగు కాదు. అందుకే చాలా పురుగుమందులకు అది సరిగా లొంగదు. ఒక వేసవిలో నేను బెండకు పైరిథ్రాయిడ్ రకం మందు కొట్టాను. నల్లిని తినే అక్షింతల పురుగులు పోయాయి, నల్లి మిగిలింది. రెండు వారాల్లో కుండీలన్నీ గూళ్లతో నిండిపోయాయి. చేతులారా చేసుకున్నానని ఇప్పటికీ బాధే.

చుక్కలు పడ్డ పాత ఆకులు మళ్లీ పచ్చబడవు. కొత్త చిగురు చూసుకోండి. అది మచ్చ లేకుండా వస్తోందంటే నల్లి తగ్గినట్టే.