రేసులల్ల ఉరికిన పాత ఫియట్‌ను షెడ్డులకెల్లి బయటికి తీసి బతికించుకునుడు ఎట్ల

మన దిక్కు ఎవరన్నా "పరకాల కాడ ఒకాయన షెడ్డుల ఇటలీ రేస్ కారు పడున్నదట" అంటే ఫెరారీ అనుకొని ఉరుకకుండ్రి. అది ఎక్కువగ పాత ఫియట్ 1100 కారే అయితది. నవ్వకుండ్రి మళ్ల, మన పద్మినిల (ఫియట్ 1100కే మన దేశంల తర్వాత పెట్టిన పేరు) ఉన్న ఆ 1089 సీసీ ఇంజన్ పుట్టింది 1937ల, గదే ఇంజన్ మీద చిసిటాలియా అనే చిన్న ఇటలీ కంపెనీ రేసు కార్లు కట్టింది, 1947ల మిల్లె మిలియా అనే ఇటలీ రోడ్డు రేసుల పేరుమోసిన డ్రైవర్ నువోలారి దాంట్ల రెండో స్థానంల వచ్చిండు, ముందొచ్చిన ఆల్ఫా రోమియో ఇంజన్ దీనికి రెండింతల కన్న పెద్దది. మన దేశంల బొంబాయి కుర్లాల ప్రీమియర్ వాళ్లు వీటిని తయారు చేసిండ్రు, మద్రాస్ పక్కన షోలవరం పాత విమానాల రన్‌వే మీద ఇవే ఫియట్లను విప్పి, తేలిక చేసి, రెండు కార్బొరేటర్లు (గాలి, పెట్రోల్ కలిపేటియి) పెట్టి ఉరికించిండ్రు. అందుకే మన ఊర్లల్ల కూడా అప్పుడప్పుడు ఒక్కటి తేలుతది.

నా బండి నర్సంపేట దిక్కు రైస్ మిల్లు గోదాంల దొరికింది. వెనక సీటు నిండ పత్తి, పత్తి నిండ ఎలుకలు. అమ్మిన పెద్దాయన "మా అన్న దీన్ని షోలవరం తీస్కపోయిండు బిడ్డా" అన్నడు. ఈ మాట అందరు అంటరు, మాటకు పైసలు ఇయ్యకుండ్రి, బండినే అడగాలె. ముందుగాల కార్పెట్ లేపి నేల రేకు చూడుండ్రి, డ్రైవర్ సీటు వెనక రెండు దిక్కుల నాలుగు నాలుగు బొక్కలు సమానంగ ఉన్నయంటే అక్కడ రోల్ బార్ (బండి బోల్తా పడితే డ్రైవర్‌ను కాపాడే ఇనుప కడ్డీ) బిగించినట్టు. బంపర్ బ్రాకెట్లు కోసేసి ఉన్నయా, ముందు స్ప్రింగులు కోసి పొట్టిగ చేసిండ్రా, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లకు గాలి, పెట్రోల్ పోయే గొట్టం) కంపెనీదా లేకపోతే ఎవరన్నా వెల్డింగు చేసిందా, ఇవన్నీ చూడాలె. నేనైతే డ్రైవర్ డోర్ మీద 2000 నంబర్ వాటర్ పేపర్ (సన్నటి సాండ్ పేపర్) నీళ్లల్ల ముంచి అరచేతంత జాగల మెల్లగ రుద్దిన. మీద మెరూన్, దానికింద బూడిద రంగు, దాని కింద తెల్ల రంగు వంకరగ మొదలైంది, ఇంకొంచెం రుద్దితే గుండ్రం, గుండ్రం లోపల నల్ల గీత. అది పాత రేసు నంబర్, ఏడా ఒకటా ఇప్పటికి చెప్పలేను, అక్కడికే చెయ్యి ఆపేసిన. ఆ రోజు నుంచి ఆ డోర్‌కు పెయింటర్‌ను దగ్గరికి రానియ్యలే.

పైసలు ఇచ్చే ముందు ఆర్‌సీల ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితోని కలిపి చూడాలె. రేసు బండ్లల్ల ఇంజన్ మార్చుడు మామూలు ముచ్చట, కాబట్టి ఇక్కడ తేడా వస్తే ఆశ్చర్యం లేదు గని ఆర్టీఓ కాడ ముందే అడిగి తెలుసుకోవాలె. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏండ్లు దాటితే 2021ల వచ్చిన రూల్ ప్రకారం వింటేజ్ కింద పెట్టుకోవచ్చు, ఫారం 20 నింపాలె, నంబర్ ప్లేటుల వీఏ అని వస్తది, పదేండ్లు చెల్లుతది. రోజూ ఆఫీసుకు తిప్పెటందుకు కాదది, కిరాయికి అసలే కాదు. ఇంకో మెలిక ఏందంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ ల పెద్ద మార్పులు ఉండొద్దని ఆ రూల్‌ల రాసున్నది, రేసు కోసం కోసి అతికిన బండికి ఇదే తలనొప్పి. నా సలహా, విప్పిన ప్రతి పార్టు ఫోటో తీసి, రేసు సామాను వేరే డబ్బాల దాచి, బండికి మళ్ల కంపెనీ సామాను బిగించి చూపించుండ్రి. ఆ డబ్బాను మాత్రం పారెయ్యొద్దు, అమ్మొద్దు.

ఇంటికి తెచ్చేటప్పుడు తాడు కట్టి గుంజుడు బంద్. ఏండ్ల తరబడి నిలబడితే బ్రేక్ షూలు డ్రమ్ముకు అతుక్కుంటయి, గుంజితే టైర్ తిరగది, రోడ్డు మీద గీసుకుంట వస్తది. డీసీఎం మాట్లాడుకొని ఎక్కించుకొని రాండ్రి.

అందరు చేసే తప్పు, తెచ్చిన రోజే బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టుడు. ఇంజన్ జామ్ ఉంటే పిస్టన్ రింగులు విరుగుతయి, బోర్ (సిలిండర్ లోపలి గోడ) గీసుకపోతది. నాలుగు ప్లగ్గులు విప్పుండ్రి, డీజిల్ సగం, పవర్ స్టీరింగ్ ఆయిల్ సగం కలిపి ఒక్కొక్క బొక్కల రెండు మూడు చెంచాలు పొయ్యండ్రి, వారం వదిలెయ్యండ్రి, నడుమ నడుమ ఇంకింత పోసుకుంట ఉండాలె. తర్వాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి ఇటింత అటింత కదపాలె, బలం పెట్టి తిప్పుడు కాదు. నాది ఎనిమిదో రోజు సాయంత్రం వెంట్రుకంత కదిలింది, లోపల ఒక మూలుగు అసోంటి సప్పుడు, మా బామ్మర్ది "బావా, కదిలింది" అని కేక పెట్టిండు, వాడి కేకకు పక్కింటోళ్లు గోడ మీదికెల్లి చూసిండ్రు. కదిలినంక కూడా స్టార్ట్ చెయ్యొద్దు. ఇంజన్ కింద ఉన్న సంప్ (ఆయిల్ గిన్నె) విప్పి నల్ల గసి కడుగుండ్రి, కొత్త ఆయిల్ పొయ్యండ్రి, ప్లగ్గులు లేకుండనే సెల్ఫ్ తిప్పితే ఆయిల్ లైటు ఆరాలె. ఆరినంకనే ప్లగ్గులు. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2, వైర్లు విప్పేముందు ఫోటో తీస్తే ఈ బాధ ఉండది.

హెడ్డు విప్పాల్సి వస్తే మాత్రం ఉస్తాద్ పక్కన కుర్చీ ఏసుకొని కూసోండ్రి. బ్లాక్ ఇనుముది, హెడ్డు అల్యూమినియం, ఈ రెండు నీళ్లతోని ఏండ్లకేండ్లు ఉంటే స్టడ్డుల కాడ తెల్లగ పొడి కట్టి అతుక్కుంటయి. స్టడ్డు స్టడ్డుకు రస్ట్ ఆయిల్ పోసి రెండు రోజులు ఓపిక పట్టాలె. నేను పట్టలే. పేరెందుకు గని ఒక షెడ్డుల ఇచ్చి చాయ్ తాగొచ్చేటాలకు పోరడు ఉలి పెట్టి సందుల కొట్టిండు, గ్యాస్కెట్ (హెడ్డుకు బ్లాక్‌కు నడుమ పెట్టే పలచటి పొర) కూసునే జాగల గోరు పట్టేంత గీత పడ్డది. ఆ గీత కోసం వెల్డింగు, మళ్ల లేత్ మీద సాపు. ఇంకొకటి, రేసు హెడ్డును కంప్రెషన్ పెంచెటందుకు అప్పటికే గీకి పలచగ చేసి ఉంటరు. ఉస్తాద్ "ఇంకో గీకుడు గీకుతే సాపైతది" అంటడు. ముందు మామూలు పద్మిని హెడ్డు పక్కన పెట్టి వెర్నియర్‌తోని మందం కొలిపించుండ్రి, తర్వాత మాట్లాడుండ్రి.

నిజానికి ఇంజన్ కంటే ముందు బ్రేకులు చెయ్యాలె, గని ఎవరు వినరు, ఇంజన్ సప్పుడు వినాలని తొందర. పాత ఫియట్‌ల నాలుగు చక్రాలకు డ్రమ్ములే, బ్రేక్ ఆయిల్ లైను ఒక్కటే, యాడ ఒక్కకాడ కారినా నాలుగు పోతయి. మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల వీల్ సిలిండర్లు, రబ్బరు కిట్లు, రబ్బరు పైపులు అన్నీ కొత్తయి. డ్రమ్ము తీసినంక లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు, పాత లైనింగులల్ల ఆస్బెస్టాస్ ఉంటది, తడి బట్టతోని తుడిచి ఆ బట్టను కవర్ల కట్టి పారెయ్యాలె.

పెట్రోల్ ట్యాంకు దింపి లోపల గుప్పెడు నట్లు ఏసి ఊపితే ఎంత తుప్పున్నదో బయటికొస్తది. ఇప్పుడు బంకుల దొరికే పెట్రోల్‌ల 20 శాతం ఇథనాల్ ఉంటది, అది నీళ్లను గుంజుకుంటది, పాత రబ్బరు పైపులను మెత్తగ చేస్తది, కాబట్టి పైపులు, పంపు లోపలి డయాఫ్రం పొర ఇథనాల్‌కు తట్టుకునేటియి ఎయ్యాలె. ట్యాంకు అయ్యేదాక పైన బాటిల్ వేలాడదీసి సెలైన్ లెక్క పెట్రోల్ ఎక్కించుడు మన ఉస్తాద్‌ల అలవాటు, చెయ్యండ్రి గని బయట చేసి పక్కన నిప్పు ఆర్పే సిలిండర్ పెట్టుకోండ్రి. రేడియేటర్ల బోరు నీళ్లు వద్దే వద్దు, మన దిక్కు బోరు నీళ్లతోని బిందెలకే తెల్ల పొర కడ్తది, కూలెంట్ పొయ్యండ్రి. మే నెలల హన్మకొండ చౌరస్తా సిగ్నల్ కాడ ఆగితే ఎందుకు చెప్పిన్నో తెలుస్తది.

సామాను గురించి పెద్దగ భయం లేదు. పద్మిని దాదాపు 2000 దాక తయారైంది, బొంబాయిల ఆఖరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబర్‌ల రోడ్డు దిగింది, అందుకే సికింద్రాబాద్ రాణిగంజ్‌ల, చెన్నై పుదుపేటల, కుర్లాల ఇప్పటికీ వెతికితే దొరుకుతయి. టైర్ 5.20-14, పక్కన నాలుగంకెల కోడ్ చూడుండ్రి, ఆఖరి రెండంకెలు ఏడాది. అసలు ఆ కోడే లేదంటే ఆ టైరు రోడ్డు ఎక్కెటందుకు కాదు. వైరింగు ఎలుకలు కొరికింది మొత్తం తీసి కొత్తది, దీంట్ల వాదన లేదు.

డెంటింగు పెయింటింగు ఆఖర్ల, అది కూడ తుప్పు తిన్నకాడ మాత్రమే. రేసు బొక్కలు పుట్టీతోని మూయకుండ్రి, లోపల తుప్పు మందు పూసి రబ్బరు బిరడా పెడితే చాలు.

మొదటిసారి రోడ్డెక్కించేది ఆదివారం పొద్దుగాల ఐదింటికి, మా వరంగల్ హంటర్ రోడ్డు ఖాళీగ ఉంటది, వెనక ఒక బైకు రావాలె. 50 కిలోమీటర్లు తిరిగినంక ఇంజన్ పూరాగ సల్లారనిచ్చి హెడ్డు నట్లు టార్క్ రెంచుతోని మళ్ల చూడాలె, ట్యాపెట్లు సరి చెయ్యాలె. రాత్రి బండి కింద అట్ట ముక్క పరిచి పొద్దున చుక్కలు ఎక్కడ పడ్డయో చూడుండ్రి. చక్రం దగ్గర పడితే బ్రేక్ ఆయిల్ కావొచ్చు, బండి కదపొద్దు, ముందు పడితే రేడియేటర్, నడుమ పడితే ఇంజన్, గేర్‌బాక్స్. నాదాంట్ల గేర్‌బాక్స్ కింద రోజుకొక చుక్క ఇంకా పడుతనే ఉన్నది, నేను అట్ట మార్చుకుంట ఉన్న.