బస్సు కోసం డిపోకి వెళ్ళే ముందు ఊళ్ళో ఏం అడగాలి

"మా ఊరికి బస్సు వేయండి సార్" అని సంతకాల అర్జీ పట్టుకెళ్తే డిపోలో తీసుకుంటారు, స్టాంపు వేస్తారు, అంతే సంగతులు. మేమూ ఓసారి అలాగే ఇచ్చి వచ్చాం. తర్వాత తెలిసిందేంటంటే డిపో మేనేజర్‌కి సంతకాలతో పెద్దగా పనిలేదు, ఏ టైముకి ఎక్కడ ఎంతమంది ఎక్కుతారన్నదే ఆయనకి కావాలి. అది మనమే తీసుకెళ్ళాలి.

ముందుగా, ఎవర్నీ "బస్సు కావాలా?" అని అడక్కండి. వద్దనేవాడు ఎవడుంటాడు? "నిన్న టౌనుకి ఎన్నింటికి బయల్దేరావు, దేంట్లో వెళ్ళావు, ఆటోకి ఎంతిచ్చావు, తిరిగి ఎలా వచ్చావు" అని అడగండి. వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టి ఊరుకోకండి, మా గ్రూపులో ఓటేసినవాళ్ళలో సగంమంది హైదరాబాద్‌లో ఉంటూ సంక్రాంతికి వచ్చేవాళ్ళే. గ్రామసభలో కూడా బండి ఉన్న మగవాళ్ళే మాట్లాడతారు, కాబట్టి ఆడవాళ్ళని డ్వాక్రా మీటింగులో, రేషన్ షాపు దగ్గర, ఉపాధి పనుల చోట విడిగా అడగండి. ఆటో అడ్డా మాత్రం వదలొద్దు, బస్సు దొరకనివాళ్ళంతా అక్కడే ఉంటారు.

ఇక అసలు పని లెక్క రాయడం. ఇద్దరు మనుషులు, ఒక నోట్‌బుక్, వారం రోజులు. బస్సు రావాల్సిన టైము, వచ్చిన టైము, ఎక్కినవాళ్ళు, ఎక్కలేక మిగిలిపోయినవాళ్ళు, వాళ్ళలో ఆటో ఎక్కినవాళ్ళు, ఇవి చాలు. మా పుస్తకంలో ఒక సోమవారం ఇలా ఉంది: 7:40 పల్లెవెలుగు 8:05కి వచ్చింది, ఫుట్‌బోర్డు నిండా పిల్లలు, స్టాపు దాటించి ఆపాడు, పరిగెత్తినవాళ్ళు నలుగురు ఎక్కారు, పదకొండు మంది ఉండిపోయారు, అందులో ఒక ముసలాయన చేతిలో ఎక్స్‌రే కవరు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచితమే కాబట్టి వాళ్ళెక్కితే జీరో టికెట్ కొడతారు, అది లెక్కలోకి వస్తుంది. కానీ కండక్టర్ చేతిలో మిషన్‌కి ఎక్కినవాళ్ళే తెలుసు. ఎక్కలేకపోయినవాళ్ళ లెక్క మీ నోట్‌బుక్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

అడిగేది చిన్నగా అడగండి. కొత్త బస్సంటే బండి కావాలి, డ్రైవరు కావాలి, కుదరదంటారు. అదే, కాలేజీ 9:30కి అయితే బస్సు 9:45కి చేరుతోంది, ఒక ఇరవై నిమిషాలు ముందుకి జరపండి అనో, పక్క ఊళ్ళో తిరిగి వెళ్ళిపోయే బండిని ఇంకో మూడు కిలోమీటర్లు పొడిగించండి అనో అడిగితే ఆలోచిస్తారు. సాయంత్రం ట్రిప్పు కూడా అడగడం మర్చిపోకండి, రావడానికి బస్సు లేకపోతే పొద్దున కూడా ఎవరూ ఎక్కరు.

అర్జీ ఒక్క పేజీ, వెనక ఆ వారం లెక్క. సర్పంచ్‌తో పాటు ఇద్దరు స్టూడెంట్లని తీసుకుని డిపో మేనేజర్‌ని (డీఎం) నేరుగా కలవండి. చాలా డిపోల్లో "డయల్ యువర్ డీఎం" అని ఫోన్ కార్యక్రమం పెడతారు, అదీ వాడుకోండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమంలో ఇవ్వండి, దాన్ని తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్ఎస్ అంటారు. రసీదు లేకుండా మాత్రం వెనక్కి రావద్దు.

డిపో ఏమన్నదో, కాదన్నా సరే, మీరు అడిగిన వాళ్ళందరికీ వచ్చి చెప్పండి, లేకపోతే రెండోసారి ఎవరూ నోరు విప్పరు. టైము మారిస్తే ఆ సంగతి ఆటో అడ్డాలోనూ, స్కూల్లోనూ అదే రోజు చెప్పి, నోట్‌బుక్ మళ్ళీ తెరవండి. మొదట్లో ఖాళీగా తిరిగిందంటే ఆ ట్రిప్పు తీసేసే ప్రమాదం ఉంది.