స్కాట్లండ్ విస్కీ డిస్టిలరీలను చూడడానికి వెళ్ళేవారికి

స్కాట్లండ్‌లో ప్రస్తుతం నడుస్తున్న విస్కీ డిస్టిలరీలు 140కి పైగా ఉన్నాయి. వాటిలో అనేకం సందర్శకులకు తలుపులు తెరిచి ఉంచుతాయి కాబట్టి, మొదటిసారి వెళ్ళేవారు పటం మీద వీలైనన్ని పేర్లు గుర్తు పెట్టుకుని రోజుకు నాలుగైదు చొప్పున చుట్టి రావాలని అనుకోవడం సహజమే. అయితే అది ప్రయాణాన్ని పాడుచేసే పద్ధతి అని నా గట్టి అభిప్రాయం. ఒక్కొక్క పర్యటనకు గంట నుంచి గంటన్నర పడుతుంది. మూడో చోటికి చేరేసరికి ముక్కూ నాలుకా రెండూ అలసిపోయి ఉంటాయి, గైడు చెప్పే మాటలు అంతకుముందు విన్నవాటితో కలగాపులగమైపోతాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్న భోజనం తరువాత ఒకటి, అంతకు మించి పెట్టుకోకండి. ఆ రెండూ ఒకదానికొకటి పోలిక లేనివిగా ఎంచుకుంటే, తయారీలో ఏ చిన్న తేడా రుచిలో ఎంత పెద్ద తేడాగా తేలుతుందో మీకే తెలిసివస్తుంది.

చట్టం స్కాచ్ విస్కీకి ఐదు ప్రాంతాలను గుర్తిస్తుంది: హైలాండ్, లోలాండ్, స్పేసైడ్, ఐలా, క్యాంప్‌బెల్‌టౌన్. మొదటి ప్రయాణానికి నేను స్పేసైడ్‌నే సూచిస్తాను, ఎందుకంటే డిస్టిలరీలు అక్కడ ఉన్నంత దగ్గరదగ్గరగా మరెక్కడా లేవు. పైగా కారు లేకపోయినా తిరగవచ్చు. ఇన్వర్నెస్, అబర్డీన్ నగరాల మధ్య నడిచే రైలు ఎల్గిన్, కీత్ ఊళ్ళలో ఆగుతుంది. కీత్‌లో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే 1786లో స్థాపించిన స్ట్రాత్‌ఐలా ఉంది. ఎల్గిన్ నుంచి రోథెస్, క్రెయిగెలాకీ, అబర్లౌర్ మీదుగా డఫ్‌టౌన్‌కు బస్సు వెళ్తుంది. డఫ్‌టౌన్‌లో గ్లెన్‌ఫిడిక్, బాల్వెనీ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకే సంస్థవి. మొదటిది పెద్దది, ఏటా వేలాదిమంది వచ్చిపోయేది. రెండోది చిన్న బృందాలను మాత్రమే తీసుకుంటుంది, అక్కడ ఇప్పటికీ బార్లీలో కొంత భాగాన్ని నేల మీద పరచి, మనుషులే తిరగవేస్తూ మొలకెత్తిస్తారు. ఈ జంటను ఒకే రోజున చూడడం కన్నా మంచి పాఠం ఉండదు. క్రెయిగెలాకీలో పీపాలు బాగుచేసే స్పేసైడ్ కూపరేజ్ అనే పనిశాలను కూడా వదలకండి. ఇనుప కట్లు బిగించే సుత్తుల మోతను, పనివారి చేతుల వేగాన్ని పైనున్న వసారాలో నిలబడి చూడవచ్చు. అయితే వారాంతంలో పనివారు ఉండరు కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం లోపలే వెళ్ళాలి.

బార్లీని ఆరబెట్టడానికి కాల్చే పీట్ అనే బురదనేల మట్టి పొగ వాసన ఇష్టపడేవారికి ఐలా ద్వీపం తప్పనిసరి, కాని అది ఒక్కరోజులో వెళ్ళివచ్చే చోటు కాదు. గ్లాస్గో నుంచి కెన్నక్రేగ్ రేవుకు బస్సులో మూడు గంటలకు పైగా, అక్కడి నుంచి ఓడలో మరో రెండు గంటలకు పైగా పడుతుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజున ఓడ కదలదు. అందుకే కనీసం మూడు రాత్రులు ఉండేలా చూసుకుని, తిరుగు ప్రయాణం రోజున మరే ముఖ్యమైన పనీ పెట్టుకోకపోవడం మంచిది. పోర్ట్ ఎలెన్ ఊరి నుంచి లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్ వరుసగా ఒకే దారిలో ఉంటాయి. రోడ్డు పక్కన నడిచేవారి కోసమే వేసిన బాట ఉంది. చివరిదాకా సుమారు ఐదు కిలోమీటర్లు. మూడింటినీ ఒకే రోజున చూడాలనిపిస్తుంది, ఇక్కడ మాత్రం ఆ కోరికను నేను అర్థం చేసుకోగలను. అయినా ఒకదానిలో పూర్తి పర్యటన, మిగిలిన రెండింటిలో బయటి నుంచి చూడడం, దుకాణంలో కాసేపు గడపడం చాలు. మే చివరి వారంలో ద్వీపంలో విస్కీ ఉత్సవం జరుగుతుంది. ఆ వారానికి గదులు చాలా ముందుగానే అయిపోతాయి, కాబట్టి ఉత్సవం కోసం వెళ్ళేవారు తప్ప మిగిలినవారు ఆ తేదీలను తప్పించుకోవాలి.

ఇన్ని రోజులు లేనివారికి రైలు దిగి నడిచి చేరుకోగల చోట్లున్నాయి: ఓబన్, డాల్విన్నీ, పిట్లాక్రీలోని బ్లెయిర్ అథోల్. గ్లాస్గో, ఎడిన్‌బరా నగరాల్లోనూ ఇటీవలి కాలంలో కొత్త డిస్టిలరీలు వెలిశాయి.

కాలం గురించి ఒక ముఖ్యమైన విషయం. చాలా డిస్టిలరీలు ఏడాదిలో కొన్ని వారాలు ఉత్పత్తి ఆపి యంత్రాల మరమ్మతులు చేసుకుంటాయి, ఇది ఎక్కువగా వేసవిలోనే జరుగుతుంది. పర్యటనలు ఆ వారాల్లో కూడా నడుస్తాయి, కాని చల్లారిన రాగి పాత్రలను, ఖాళీ తొట్లను చూసి రావడం వల్ల ఒరిగేదేమీ లేదు. టికెట్ కొనే ముందే, ఫలానా తేదీన ఉత్పత్తి జరుగుతుందా అని ఒక ఉత్తరం ముక్క రాసి అడగండి. శీతాకాలంలో తెరిచి ఉండే రోజులు, వేళలు తగ్గుతాయన్నదీ గుర్తుంచుకోవాలి. టికెట్లను ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. పేరున్న చోట్ల అప్పటికప్పుడు వెళ్తే చోటు దొరకడం కష్టం. విస్కీ రుచి చూడడానికి పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి, చిన్న వయసువారిగా కనిపించేవారు గుర్తింపు పత్రం చూపించాల్సి వస్తుంది. పసిపిల్లలను ఉత్పత్తి జరిగే చోటికి చాలాచోట్ల రానివ్వరు. ఇనుప మెట్లు, తడి నేలలు ఉంటాయి కనుక కాలు మొత్తం కప్పే చదునైన బూట్లు వేసుకోవాలి. ఆ పూట అత్తరు పూసుకోకండి, మీ ముక్కుకే కాదు, పక్కవారి ముక్కుకూ అడ్డు వస్తుంది.

కారులో వెళ్ళేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2014 డిసెంబరు నుంచి స్కాట్లండ్‌లో నడిపేవారి రక్తంలో మద్యం పరిమితి 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములు మాత్రమే. ఇంగ్లండ్‌లో ఉన్న 80 కన్నా ఇది చాలా తక్కువ. ఒక గుక్కతో ఏమవుతుందిలే అనే లెక్క ఇక్కడ పనికిరాదు, నడిపేవారు అసలు తాగకూడదు. వారి వంతు విస్కీని చిన్న సీసాల్లో పోసి ఇచ్చే ఏర్పాటు చాలా డిస్టిలరీల్లో ఉంది, దాన్ని సంకోచం లేకుండా అడగవచ్చు.

ఇక లోపలికి వెళ్ళాక దేన్ని చూడాలి? తయారీ క్రమం అంతటా ఒకటే: మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని పిండి చేస్తారు, వేడినీటిలో కలిపి తియ్యని ద్రవాన్ని తీస్తారు, దాన్ని ఈస్ట్‌తో పులియబెట్టి, రాగి పాత్రల్లో సాధారణంగా రెండుసార్లు కాచి దించుతారు, తరువాత ఓక్ పీపాల్లో దాచి ఉంచుతారు. ఈ క్రమాన్ని ముందే చదువుకుని వెళ్తే, గైడు చెప్పేది వింటూనే మీ కళ్ళు వేరే పని చేయగలుగుతాయి. పులియబెట్టే తొట్టి దగ్గర మూత తెరిచినప్పుడు ఆత్రంగా తల లోపలికి వంచకండి. పైన నిలిచిన కార్బన్ డయాక్సైడ్ ముక్కులో సూదుల్లా గుచ్చుకుంటుంది. చేత్తో గాలిని మీ వైపు తోసుకుంటే మొదట పులిసిన పిండి వాసన, దాని వెనుక ఆపిల్, అరటిపండు వాసనలు తెలుస్తాయి. ఎన్ని గంటలు పులియబెడతారని అడగండి: 48 గంటల్లో ముగించే చోట గింజ వాసన ఎక్కువగానూ, 70 గంటలు దాటించే చోట పండ్ల వాసన ఎక్కువగానూ ఉండడం సాధారణం.

రాగి పాత్రల గదిలో వాటి మెడలను చూడండి. టేన్ ఊరి దగ్గరి గ్లెన్‌మోరంజీలో అవి స్కాట్లండ్‌లోకెల్లా ఎత్తైనవి. బరువైన ఆవిరి పైదాకా ఎక్కలేక వెనక్కి జారుతుంది కాబట్టి అక్కడ తేలికైన మద్యం వస్తుంది. మకాలన్‌లో పాత్రలు పొట్టివి, అందుకే దాని మద్యం చిక్కగా ఉంటుంది. గది మధ్యలో ఇత్తడి చట్రం, గాజు గోడలు ఉన్న పెట్టె ఒకటి ఉంటుంది, దానికి తాళం వేసి ఉంటుంది. ఒకప్పుడు ఆ తాళం చెవి పన్ను అధికారి దగ్గర ఉండేది. పనివాడు లోపలి ద్రవాన్ని తాకకుండానే, బలం కొలిచి, మొదట వచ్చేదాన్నీ చివర వచ్చేదాన్నీ పక్కకు మళ్ళించి, మధ్య భాగాన్ని మాత్రమే పీపాలకు పంపుతాడు. పీట్ పొగ రుచినిచ్చే పదార్థాలు ఆలస్యంగా వస్తాయి కనుక ఐలాలో ఆ మధ్య భాగాన్ని ఎక్కువసేపు తీసుకుంటారు. ఎక్కడ మొదలుపెడతారు, ఎక్కడ ఆపుతారు అన్న ఒక్క ప్రశ్న వేస్తే గైడు ముఖం వెలిగిపోవడం మీరు గమనిస్తారు. ఈ గదిలో మద్యపు ఆవిరి ఉండవచ్చు కాబట్టి ఫోను తీయవద్దంటే తీయకండి.

గోదాం లేని పర్యటనను నేను ఎంచుకోను. మట్టి నేల, మందపాటి రాతి గోడలు ఉన్న పాత గోదాంలో పీపాలను మూడు వరుసలకు మించి పేర్చరు; తేమతో కూడిన చల్లదనంలో కలప వాసన, విస్కీ వాసన కలిసి ఉంటాయి. చట్టప్రకారం కనీసం మూడేళ్ళు ఓక్ పీపాలో ఉంటేనే అది స్కాచ్. ఏటా సుమారు రెండు శాతం గాలిలో కలిసిపోతుంది, మీరు పీలుస్తున్నది దానినే. పీపా మీద రాసిన సంవత్సరాన్ని, అది అంతకుముందు బోర్బన్ (అమెరికా విస్కీ) దాచిన పీపానో షెర్రీ (స్పెయిన్ ద్రాక్ష మద్యం) దాచిన పీపానో చదివి, అక్కడే పీపా నుంచి తీసి రుచి చూపించే పర్యటన ఉంటే కొంచెం ఎక్కువ డబ్బు ఇచ్చి అయినా తీసుకోండి. సాధారణ పర్యటనకు 20 పౌండ్ల చుట్టుపక్కల అవుతుంది. ఇటువంటివి అంతకు కొన్ని రెట్లు ఉంటాయి.

రుచి చూసేటప్పుడు తొందర వద్దు. గ్లాసును ముక్కుకు కొంత దూరంలో ఉంచి, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడండి. చిన్న గుక్కను నాలుక అంతటా తిప్పండి. తరువాత కొన్ని చుక్కల నీళ్ళు కలిపి మళ్ళీ చూడండి. పీపా బలంతో, అంటే 55, 60 శాతం ఆల్కహాల్‌తో ఇచ్చినదానికి నీళ్ళు కలపడం తప్పు కాదు, అక్కడివారే కలుపుతారు. నచ్చనిదాన్ని పూర్తిచేయాలన్న మొహమాటం అక్కర్లేదు.

చివరగా దుకాణం. బయట ఎక్కడైనా దొరికే సీసాను అక్కడ కొనవలసిన పని లేదు. ఆ డిస్టిలరీలో మాత్రమే అమ్మేదాన్ని, వీలైతే మీరే పీపా నుంచి నింపుకోనిచ్చేదాన్ని చూడండి. సీసా మీది వయసు అందులో కలిసిన విస్కీలలో అన్నిటికన్నా చిన్నదాని వయసు. స్కాట్లండ్‌లో దుకాణాలు ఉదయం పది నుంచి రాత్రి పదింటి వరకే మద్యం అమ్మగలవు. దుకాణంలో కొని చేత్తో తీసుకెళ్ళేవాటికి పర్యాటకులకు పన్ను తిరిగి ఇచ్చే పద్ధతి 2021 నుంచి లేదు. విమానంలో 70 శాతం దాటిన మద్యాన్ని అనుమతించరు. 24 నుంచి 70 శాతం మధ్య ఉన్నది మనిషికి ఐదు లీటర్ల వరకు, మూత తెరవని సీసాల్లో, చెక్-ఇన్ సామానులో పెట్టుకోవచ్చు. ఇంటికి చేరే దేశంలో పన్ను లేకుండా ఎంత అనుమతిస్తారో కూడా డబ్బు చెల్లించే ముందే చూసుకోవాలి.