చలికి పడుకున్న కారును జంప్ లీడ్స్‌తో లేపడం ఎలా? నాలుగో క్లిప్పు దగ్గర జాగ్రత్త!

నాలుగు వారాలు ఇండియాలో ఉండి, సంక్రాంతి చూసుకుని, జనవరి మూడో వారంలో హీత్రూలో దిగుతారు. జెట్‌లాగ్ తీరకముందే పిల్లల్ని బడిలో దింపాలి. బయటికొస్తే కారు మీద మంచు పొర. తాళం బటన్ నొక్కితే చప్పుడు లేదు. ఇంకోసారి నొక్కినా అంతే. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, మీ దగ్గర జంప్ లీడ్స్ ఉన్నాయి కదా?" అంటే బాగున్న కారు బ్యాటరీ నుంచి పడుకున్న కారుకు కరెంటు అందించే రెండు తీగలు, కొసలకు క్లిప్పులుంటాయి.

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌కు వచ్చి 16 ఏళ్లయింది. ఏటా చలికాలంలో ఇలాంటివి నాలుగైదు చూస్తాను. నేను వెళ్లేసరికి సగం మంది ఏదో వీడియో చూసి, పక్కింటాయన కారు తెచ్చుకుని, తీగలు కలిపేసి ఉంటారు. ఉన్నవి నాలుగు క్లిప్పులు. మూడు సరిగ్గానే పెడతారు. నాలుగోది మాత్రం దాదాపు అందరూ తప్పే. చెప్పి చెప్పి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ముందు, అది బ్యాటరీ సమస్యేనా?

స్టార్ట్ చేస్తే టకటకటక అని చప్పుడొచ్చి డ్యాష్‌బోర్డ్ లైట్లు మసకబారితే బ్యాటరీయే. లైట్లు ధగధగా వెలుగుతున్నా ఇంజిన్ కదలకపోతే సమస్య వేరే చోట ఉంది, లీడ్స్‌తో పని జరగదు.

లైట్లు అసలే లేకపోతే డోరు కూడా తెరుచుకోదు. కంగారు పడకండి. తాళం ఫాబ్ (బటన్లున్న రిమోట్) లోపల చిన్న ఇనుప తాళంచెవి ఉంటుంది, పక్కనున్న మీట నొక్కితే బయటికొస్తుంది. కొన్ని కార్లలో దాని రంధ్రం డ్రైవర్ డోరు హ్యాండిల్ దగ్గర ప్లాస్టిక్ మూత వెనక దాక్కుని ఉంటుంది. చలిలో ఆ మూతను బలంగా లాగితే విరుగుతుంది, గోటితో మెల్లగా తీయండి.

బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తున్నా ముట్టుకోవద్దు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీలో యాసిడ్ నీళ్లలా పలచబడి, గట్టి చలికి గడ్డకడుతుంది. అలా గడ్డకట్టినదానికి కరెంటు ఎక్కించకూడదు. ఇలాంటప్పుడు బ్రేక్‌డౌన్ సర్వీసుకు ఫోన్ చేయండి. చేసేముందు మీ కవర్ (ఆ సర్వీసుకు కట్టిన పాలసీ) చూసుకోండి. మామూలు రోడ్‌సైడ్ కవర్ సాధారణంగా ఇంటి ముందు ఆగిన కారుకు వర్తించదు, ఇంటి దగ్గర సాయానికి విడిగా కట్టి ఉండాలి. ఇది చాలామందికి ఫోన్ చేశాకే తెలుస్తుంది.

సామాను

జంప్ లీడ్స్, గ్లవ్స్, ఇంకో మామూలు పెట్రోల్ లేదా డీజిల్ కారు. అంతే. లీడ్స్ సన్నవి కొనకండి. చిన్న పెట్రోల్ కారుకు 25 చదరపు మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది, పెద్ద డీజిల్‌కు 35 కావాలి. పైన రబ్బరు మందంగా కనిపించినా లోపల రాగి సన్నగా ఉంటే వేడెక్కడం తప్ప ఉపయోగం లేదు. ప్యాకెట్ మీద సైజు రాసి లేకపోతే అక్కడే పెట్టేసి రండి.

లీడ్స్‌ను బూట్‌లో, అంటే డిక్కీలో పెట్టకూడదు. బ్యాటరీ పోతే కొన్ని కార్లలో బూట్ తెరుచుకోదు, అప్పుడవి లోపల, మీరు బయట. ముందు సీటు కిందే వాటి చోటు.

ఈమధ్య అందరూ జంప్ ప్యాక్‌లు, అంటే కారును లేపే చిన్న లిథియం బ్యాటరీలు కొంటున్నారు. పనిచేస్తాయి, కాదనను. కానీ దానికి కూడా ఛార్జింగ్ పెట్టాలి కదా. కారు బ్యాటరీ సంగతే గుర్తులేనివాళ్లకు డ్రాయర్‌లో ఉన్న ప్యాక్ సంగతి గుర్తుంటుందా? రాగి తీగకు ఛార్జింగ్ అక్కర్లేదు.

"తోసి స్టార్ట్ చేద్దాం అన్నా" అంటారు కొందరు. మన ఊళ్లో నలుగురు కలిసి అంబాసిడర్‌ను తోసిన రోజులు వేరు. ఆటోమేటిక్ కారు తోస్తే స్టార్ట్ కాదు. మాన్యువల్ గేర్ కారైనా ఇప్పటి పెట్రోల్ కార్లలో కాలని పెట్రోల్ పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతే అది పాడవుతుంది. దాని ఖరీదుతో నాలుగు కొత్త బ్యాటరీలు వస్తాయి. పైగా మంచు మీద తోసేవాళ్ల కాళ్లు జారితే ఆ రోజు ఆస్పత్రిలోనే.

సాయానికి వచ్చిన కారు హైబ్రిడ్ గానీ ఎలక్ట్రిక్ గానీ అయితే దండం పెట్టి పంపించేయండి. పక్కింటి టయోటా ప్రియస్ హైబ్రిడ్ ఎంత దగ్గరగా ఉన్నా సరే, దాంతో వద్దు.

మొదటి మూడు క్లిప్పులు

రెండు కార్లనూ లీడ్స్ అందేంత దగ్గరగా నిలపండి, ఒకదానికొకటి తగలకూడదు. రెండూ ఆపేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, లైట్లు, హీటర్ కట్టేయండి. చేతికున్న ఉంగరం, కడియం తీసి జేబులో వేసుకోండి. బంగారం మంచి విద్యుత్ వాహకం. మెడలో స్కార్ఫో చున్నీయో ఉంటే అదీ తీసేయండి.

కొన్ని కార్లలో, ముఖ్యంగా చాలా బీఎండబ్ల్యూలలో, బ్యాటరీ వెనక బూట్‌లో ఉంటుంది. అలాంటివాటికి బానెట్ కింద ప్లస్ గుర్తున్న ఎర్ర మూతతో జంప్ పాయింట్ ఇస్తారు. బ్యాటరీ కనబడలేదని విప్పడం మొదలుపెట్టకండి, కారుతో వచ్చిన మాన్యువల్ పుస్తకం చూడండి.

మొదటిది: ఎర్ర క్లిప్పు, పడుకున్న కారు ప్లస్‌కు.

రెండోది: ఎర్ర తీగ రెండో కొస, బాగున్న కారు ప్లస్‌కు.

మూడోది: నల్ల క్లిప్పు, బాగున్న కారు మైనస్‌కు. ఆ కారు మాన్యువల్ ప్రత్యేకంగా ఎర్త్ పాయింట్ (మైనస్‌కు బదులు క్లిప్పు పెట్టే చోటు) చూపిస్తే అక్కడికే.

తీగల రంగు చూసి కాదు, బ్యాటరీ మీద చెక్కిన ప్లస్, మైనస్ గుర్తులు చూసి పెట్టండి. మురికి పట్టి కనబడకపోతే తుడవండి. తారుమారైతే ఫ్యూజులు పోతాయి, కారు కంప్యూటర్ కూడా పోవచ్చు.

నాలుగోది

చేతిలో ఇంకో నల్ల క్లిప్పు మిగిలింది. ఎదురుగా పడుకున్న బ్యాటరీ, దాని మీద ఖాళీగా మైనస్ టెర్మినల్. చెయ్యి దానంతట అదే అటు పోతుంది. పోనివ్వకండి.

కారణం చెబుతాను. మూడు క్లిప్పులు పెట్టేదాకా కరెంటు తిరగడానికి దారి లేదు. నాలుగోది తగిలిన క్షణాన ఆ దారి పూర్తవుతుంది, అక్కడ నిప్పురవ్వ రేగుతుంది. మీరెంత నేర్పుగా పెట్టినా రేగుతుంది. రవ్వను ఆపడం మన చేతిలో లేదు. అది ఎక్కడ రేగాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

బ్యాటరీ లోపల యాసిడ్‌లోని నీరు విడిపోయి హైడ్రోజన్ వాయువు వస్తుంది, మూత మీది సన్నటి రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. రంగు లేదు, వాసన లేదు. గాలిలో 4 శాతం కలిసినా చాలు, అంటుకుంటుంది. మైనస్ టెర్మినల్ ఆ రంధ్రాలకు జానెడు దూరంలో ఉంటుంది. సరిగ్గా అక్కడ రవ్వ పుట్టించడమంటే గ్యాస్ లీకవుతున్న వంటింట్లో అగ్గిపుల్ల గీసినట్టే.

"ఇండియాలో మెకానిక్ ఎప్పుడూ మైనస్‌కే పెట్టేవాడు, ఏమీ కాలేదు" అంటారు. నిజమే, ఎక్కువసార్లు ఏమీ కాదు. 2011 దాకా నేనూ అలాగే పెట్టాను. ఒక సాయంత్రం సూపర్‌మార్కెట్ కార్ పార్కింగ్‌లో ఎవరికో సాయం చేస్తుంటే టప్ అని సీమటపాకాయ పేలినట్టు చప్పుడైంది. బ్యాటరీ మూత ఒక మూల పగిలింది. నేను ముఖం పక్కకు తిప్పి ఉన్నాను కాబట్టి సరిపోయింది. జాకెట్ మీద ఏదో తడి పడిందనుకున్నా. ఉతికాక చూస్తే ముంజేతి దగ్గర జల్లెడలా చిల్లులు. అది సల్ఫ్యూరిక్ యాసిడ్. కంట్లో పడి ఉంటే ఈ వ్యాసం ఇంకెవరో రాసేవారు.

మరి ఎక్కడ పెట్టాలి? పడుకున్న కారు ఇంజిన్ మీద, రంగు వేయని గట్టి ఇనుప భాగానికి. బ్యాటరీకి కనీసం మూర దూరంలో. ఇంజిన్‌ను క్రేన్‌తో పైకెత్తడానికి దాని మీద రంధ్రం ఉన్న ఇనుప చెవి ఒకటి ఉంటుంది, అది దొరికితే అంతకంటే మంచి చోటు లేదు. కొన్ని కార్లలో ఎర్త్ కోసమే ఒక బోల్టు పెడతారు. బ్యాటరీ మైనస్ నుంచి మందపాటి తీగ ఎలాగూ బాడీకీ ఇంజిన్‌కూ వెళ్తుంది, కాబట్టి కరెంటుకు ఇదీ మైనస్సే. రవ్వ మాత్రం గ్యాస్‌కు దూరంగా పడుతుంది.

ఇక్కడే ఇంకో తప్పు చేస్తారు. నా మాట విని ఇనుముకే పెడతారు, కానీ రంగు మీద పెడతారు. లేదా జిడ్డు మీద, తుప్పు మీద. స్టార్ట్ చేస్తే మళ్లీ టకటక. "నువ్వు చెప్పింది పనిచేయలేదు అన్నా" అని క్లిప్పు తీసి మైనస్‌కు తగిలిస్తారు. పనిచేయనిది చోటు కాదు, పట్టు. క్లిప్పును అటూ ఇటూ తిప్పి దాని పళ్లు లోహంలోకి దిగేలా బిగించండి. అప్పటికీ కాకపోతే ఇంకో బోల్టు చూడండి. నేను మూడు చోట్లు మార్చిన రోజులున్నాయి, టెర్మినల్ దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

పెట్రోల్ పైపుల దగ్గర పెట్టకండి. బెల్టుకూ ఫ్యాన్‌కూ తీగ తగలకూడదు. ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో మనల్ని అడగదు. క్లిప్పు పెట్టేటప్పుడు ముఖం బ్యాటరీ మీదికి వంచకండి. మీరు పెడుతున్నప్పుడు పక్కన సిగరెట్‌తో ఒక పెద్దమనిషి సలహాలిస్తూ నిలబడతాడు. ముందు ఆయన్ని పంపించండి.

స్టార్ట్ చేయడం

బాగున్న కారు స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఆగండి. తర్వాత రెండోది స్టార్ట్ చేయండి, ఒక్కో ప్రయత్నం అయిదు సెకన్లకు మించొద్దు, మధ్యలో అర నిమిషం విరామం. నాలుగుసార్లకూ లేవకపోతే నాలుగో క్లిప్పు పట్టు చూడండి. అప్పటికీ లేవకపోతే ఆపేయండి.

లేచిందా? వెంటనే తీగలు పీకకండి. రెండు కార్లనూ కాసేపు అలాగే నడవనివ్వండి. లేచిన కారులో వెనక అద్దం హీటర్, బ్లోయర్ వేయండి. తీగ తీసేటప్పుడు వోల్టేజ్ ఒక్కసారి ఎగిరితే ఆ దెబ్బ అవి కొంత తీసుకుంటాయి. తర్వాత పెట్టిన వరసకు తిరగేసి తీయండి: నాలుగోది ముందు, మొదటిది చివర. తీసిన క్లిప్పులు ఒకదానికొకటి తగలనివ్వకండి.

ఆ తర్వాత

ఇప్పుడు ఇంజిన్ ఆన్‌లో వదిలేసి, టీ తాగడానికి లోపలికి వెళ్లొద్దు. పబ్లిక్ రోడ్డు మీద కారును ఊరికే నడుపుతూ ఉంచడాన్ని ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ 123వ నియమం ఒప్పుకోదు. చలికాలం పొద్దున్నే ఇలా వదిలేసిన కార్ల కోసమే తిరిగే దొంగలున్నారు, తాళం లోపల ఉండగా పోయిన కారుకు ఇన్సూరెన్స్ డబ్బు రావడం కష్టం. పైగా నిలబెట్టి నడిపితే బ్యాటరీ ఎక్కేది అంతంత మాత్రమే.

బయల్దేరండి. కాకపోతే ముందు అన్ని అద్దాల మీది మంచూ గీకండి. చేయి పట్టేంత కన్నం చేసుకుని అందులోంచి చూస్తూ నడపడం నేరం. బడి దాకా రెండు మైళ్లు వెళ్లి ఆపేస్తే మళ్లీ స్టార్ట్ కాదు. నా లెక్క ప్రకారం ఎం4 మోటార్‌వే ఎక్కి పక్క ఊరు న్యూబరీ దాకా వెళ్లి రావాలి. అంత తీరిక లేకపోతే కనీసం అరగంట ఆగకుండా నడపండి. సాయంత్రం స్మార్ట్ ఛార్జర్ (ఇంటి కరెంటుతో కారు బ్యాటరీ నింపేది) పెట్టి రాత్రంతా వదిలేయండి, ఖాళీ అయిన బ్యాటరీ నిండేది దానితోనే.

మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందే మల్టీమీటర్ (వోల్టులు చూపే పరికరం) పెట్టి చూడండి. 12.6 వోల్ట్‌లు ఉంటే బాగున్నట్టు, 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. ఛార్జ్ చేసినా మళ్లీ పడిపోతుంటే, అయిదేళ్లు దాటి ఉంటే, మార్చేయండి. "మొన్నే ఎంఓటీ పాసైంది" అనకండి. అది కారు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని ఏటా చేసే తనిఖీ. ఎంఓటీలో బ్యాటరీ గట్టిగా బిగించి ఉందా, కారుతోందా అని చూస్తారు, ఛార్జ్ నిలుస్తోందా అని కాదు. మీది సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగిపోయే కారైతే పాతది ఏ రకమో అదే రకం కొనండి, ఏజీఎం (ఇలాంటి కార్లకు వాడే ఒక రకం బ్యాటరీ) ఉన్నచోట ఏజీఎం. చవకగా వస్తుందని మామూలుది వేయిస్తే ఎక్కువ కాలం నిలవదు.

వచ్చే డిసెంబర్‌లో ఇండియా వెళ్లేముందు కారును ఒకసారి రాత్రంతా ఛార్జ్ చేసి వెళ్లండి. లీడ్స్ ఎవరి దగ్గరైనా తెచ్చుకుని ఉంటే తిరిగి ఇచ్చేయండి. నావి పోయిన చలికాలం నుంచి కనబడటం లేదు, బహుశా ఎవరి బూట్‌లోనో ఉన్నాయి.