పూసల పూలను ఎలా శుభ్రం చేయాలి?

మా పిన్ని తెల్లపూసలతో అల్లిచ్చిన నందివర్ధనం కొమ్మ మా హాల్లో టీవీ పక్కన ఉంటుంది. రాగితీగకు సన్నటి గాజుపూసలు ఎక్కించి, రేకరేకగా మలిచిన పువ్వులు. ఓసారి దసరా ముందు ఇల్లు దులుపుతూ దాన్ని బకెట్లో ముంచి కడిగేశాను. పైకి ఆరిపోయినట్టే ఉంది. సంక్రాంతికల్లా రేకుల మొదట్లో, తీగ మెలి తిరిగిన చోట, పచ్చగా చిలుము పట్టింది. గాజుకు నీళ్లతో ఏమీ కాదు. పూసల బెజ్జాల్లో నిలిచిపోయిన తడే తీగను పాడు చేస్తుంది. అందుకే ఈ పూలకు నీళ్లు ఎంత తక్కువ తగిలితే అంత మంచిది.

ముందు పొడిగా దులపాలి. వాడని మేకప్ బ్రష్ గానీ, పిల్లల వాటర్ కలర్ బ్రష్ గానీ చాలు. రేకను కాకుండా కాడను పట్టుకుని, పూసల వరుస వెంట మొదలు నుంచి కొసకు దులపండి. అడ్డంగా రుద్దితే బ్రష్ వెంట్రుకలు తీగల మధ్య ఇరుక్కుంటాయి. సందుల్లో మిగిలిన దుమ్ముకు హెయిర్ డ్రయర్ చల్లగాలి పెట్టండి. మెయిన్ రోడ్డు పక్క ఇల్లయితే పదిహేను రోజులకోసారి ఇది చేస్తే చాలావరకు తడి చేసే పనే పడదు.

పోపు పొగ, అగరబత్తి పొగ జిడ్డుగా పట్టేస్తే మాత్రం తడి తప్పదు. అప్పుడు మొదట రంగు పరీక్ష చేయండి. ఒక ఆకు వెనకవైపు తడి ఇయర్ బడ్‌తో రుద్ది చూడండి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపేయండి, ఆ పువ్వుకు పొడి బ్రష్ ఒక్కటే. మెరుపు పూత ఉన్న పూసలను కూడా గట్టిగా రుద్దొద్దు, అద్దాలు తుడిచే స్ప్రే అసలు కొట్టొద్దు.

రంగు నిలిస్తే గ్లాసుడు ఫిల్టర్ నీళ్లలో రెండు చుక్కల బేబీ షాంపూ కలపండి. బోరు నీళ్లు వాడితే ఆరాక పూసల మీద తెల్ల మరకలు మిగులుతాయి. ఇయర్ బడ్ ముంచి, పిండేసి, ఒక్కో రేకనూ తుడవండి. తర్వాత మంచినీళ్లలో పిండిన బడ్‌తో ఇంకోసారి తుడిచి, పాత కాటన్ గుడ్డతో అద్దండి. వెంటనే చల్లగాలి పెట్టి, రాత్రంతా ఫ్యాన్ కింద తలకిందులుగా వేలాడదీయండి. అలా అయితే తడి కాడకు చుట్టిన టేపులోకి దిగదు.

చిలుము కనిపిస్తే చింతపండు, నిమ్మచెక్క జోలికి పోవద్దు. బిందెను తోమి కడిగినట్టు పూసల లోపలి పులుపును కడగలేం. పొడి బడ్‌తో అందినంత తుడవండి.

వంగిన రేకను మెల్లగా, ఒక్కసారే సరిచేయండి. పదేపదే వంచితే తీగ బిరుసెక్కి పుటుక్కున విరుగుతుంది.

రంగు వేసిన పూసలు ఎండకు వెలిసిపోతాయి, కిటికీకి దూరంగా పెట్టండి. వానాకాలంలో దాచేటట్లయితే బటర్ పేపర్‌లో చుట్టి అట్టపెట్టెలో పెట్టి, కొత్త చెప్పులతో వచ్చే, తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు అందులో వేయండి. న్యూస్ పేపర్ సిరా అంటుతుంది.

తీగను చిలుము బాగా తినేస్తే ఆ రేకను కొత్తగా అల్లించుకోవడమే. బేగంబజార్‌కో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌కో వెళ్లేటప్పుడు పాత పూస ఒకటి వెంట తీసుకెళ్లండి. తెలుపులోనే నాలుగైదు ఛాయలుంటాయి, షాపు లైటు కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. బయట పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూశాకే కొనండి.