అడ్మిన్ ఉన్నా లేనట్టే ఉన్న వాట్సాప్ గ్రూప్: ఎవరితో ఎలా వేగాలి

అపార్ట్‌మెంట్ గ్రూప్, టెన్త్ బ్యాచ్ గ్రూప్, కాలనీ గ్రూప్... పేరేదైనా కథ ఒకటే. ఎవరో ఎప్పుడో పెట్టారు, లింక్ ఊరంతా తిరిగింది, అడ్మిన్ గారు మ్యూట్‌లో పడేసి మర్చిపోయారు, ఇప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు పెడుతున్నారు. ఇలాంటి చోట మనిషిని తీసెయ్యడం మన చేతిలో లేదు, కాబట్టి ముందు అతను ఎందుకు పెడుతున్నాడో చూస్కోవాలి, ఆ తర్వాతే ఏం చెయ్యాలన్నది. మనవాళ్ళు చేసేది ఉల్టా, గుడ్ మార్నింగ్ పెట్టే పెద్దాయన్నేమో అందరి ముందు కడిగేస్తారు, అసలు మోసగాడికేమో "సర్ ప్లీజ్ ఇక్కడ పోస్ట్ చెయ్యకండి" అని మర్యాదగా చెప్తారు.

సమస్య 1: పొద్దున్నే దేవుడి ఫొటోలు, వీడియోలు, ఆరోగ్య చిట్కాలు

లక్షణం తెలిసిందే. ఆరింటికి "మోటర్ కాలిపోయింది, ఈరోజు ట్యాంకర్ తెప్పించాలి" అని ఒకాయన మెసేజ్ పెడతారు, ఏడింటికల్లా దాని మీద పద్నాలుగు పువ్వుల బొమ్మలు, ఎనిమిదింటికి స్నానానికి వెళ్ళినవాళ్ళు "నీళ్ళు రావట్లేదు, ఎవరూ చెప్పరేంటండీ" అని గొడవ.

కారణం: ఆ పెట్టేవాళ్ళకి ఇదొక పలకరింపు అంతే. ఉన్న పాతిక గ్రూపులకీ పంపుతారు, మీ గ్రూప్ దేనికోసమో కూడా గుర్తుండదు. చెడ్డవాళ్ళేం కాదు, చాలామంది రిటైరైనవాళ్ళు, ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేనివాళ్ళు.

ఏం చెయ్యాలి: గ్రూప్‌లో మాత్రం చెప్పొద్దు, అందరి ముందు చెప్తే పంతం వస్తుంది, ఇంకో ఇద్దరు ఆయన తరఫున వస్తారు. విడిగా మెసేజ్ పెట్టండి, "అంకుల్, నమస్తే. మీరు పెట్టే వెంకన్న ఫొటోలు అమ్మకి చాలా ఇష్టం, ఆవిడ నంబర్ ఇస్తాను, నేరుగా పంపండి. గ్రూప్‌లో ట్యాంకర్ మెసేజ్‌లు కిందకి వెళ్ళిపోతున్నాయి" ఇలాగ. ఎదురైతే మాటగా చెప్తే ఇంకా మంచిది. సగం మంది ఆగుతారు.

ఆగని సగం కోసం ఫోన్‌లో సర్దుకోవాలి. గ్రూప్ ఇన్ఫోలోకి వెళ్ళి మీడియా విజిబిలిటీ "నో" పెడితే ఆ తర్వాత దిగే బొమ్మలు గ్యాలరీలో కనపడవు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా కింద ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే మీరు నొక్కితేగానీ ఫొటోలు, వీడియోలు దిగవు, ఫోన్ నిండిపోయే బాధ తప్పుతుంది. మ్యూట్ "ఆల్వేస్" పెట్టి ఆర్కైవ్ కూడా చేసుకోండి, మిమ్మల్ని పేరు పెట్టి పిలిస్తేనో మీ మెసేజ్‌కి రిప్లై ఇస్తేనో మాత్రం తెలుస్తుంది.

బ్లాక్ చేస్తే పోతుంది కదా అంటారు, పోదండీ. వాట్సాప్‌లో బ్లాక్ చేసిన మనిషి విడిగా మెసేజ్ పెట్టలేడు, కాల్ చెయ్యలేడు, కానీ ఇద్దరూ ఉన్న గ్రూప్‌లో అతను పెట్టేవి మీకు కనపడుతూనే ఉంటాయి. 90ల్లో అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళు యూజ్‌నెట్ అనే పాత ఇంటర్నెట్ చర్చావేదికలో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గ్రూప్‌లో కొట్టుకునేవాళ్ళు, అప్పట్లోనే కిల్‌ఫైల్ అని ఒకటుండేది, అందులో ఒకడి పేరు రాస్తే వాడి పోస్టులు మన స్క్రీన్ మీదకే వచ్చేవి కావు. యూజ్‌నెట్ పోస్టులు చదువుకోడానికి 1984లో లారీ వాల్ అనే ప్రోగ్రామర్ రాసిన ఆర్ఎన్ ప్రోగ్రాంలోనే ఆ సదుపాయం ఉంది, ఇన్నేళ్ళ తర్వాత వాట్సాప్ గ్రూప్‌లో అది లేదు.

సమస్య 2: ఏం పెట్టినా గొడవలోకి లాగే మనిషి

లిఫ్ట్ రిపేర్ గురించి అడిగితే పార్టీలోకి వెళ్తాడు, పార్టీ నుంచి కులంలోకి, అక్కణ్ణుంచి మీ ఇంట్లోవాళ్ళ మీదకి. రాత్రి పదిన్నర దాటాక ఎక్కువ. మామూలుగా వాదించేవాడా, కావాలని గిల్లేవాడా అన్నది తేల్చుకోడానికి ఒక్క ప్రశ్న చాలు: "ఇది ఎక్కడిది, ఎప్పటిది?" నిజంగా నమ్మి మాట్లాడేవాడైతే ఏదో ఒకటి వెతికి పెడతాడు, తప్పో ఒప్పో. గిల్లేవాడు ఆ ప్రశ్న దాటేసి "మీలాంటివాళ్ళ వల్లే దేశం ఇలా అయింది" అంటాడు. అతనికి కావాల్సింది జవాబు కాదు, మీ కోపం.

అందరూ చెప్పే మాట, రిప్లై ఇవ్వకండి అని. కరెక్టే, కానీ మీరొక్కరు ఊరుకుంటే ఏం కాదు, ఎందుకంటే ప్రతి గ్రూప్‌లో అతనికి రోజూ రిప్లై ఇచ్చే ముగ్గురో నలుగురో ఉంటారు, గొడవ నడిపేది నిజానికి వాళ్ళే. అతన్ని కాదు, వాళ్ళని పట్టుకోండి. విడిగా ఫోన్ చేసి "అన్నా, ఒక వారం అతను ఏం పెట్టినా ముట్టుకోకు" అని అడగండి, ఇది నిజంగా పనిచేసే పద్ధతి. స్వైప్ చేసి రిప్లై ఇస్తే అతని మెసేజే మళ్ళీ పైకొస్తుంది, చదవకుండా దాటేసినవాళ్ళు కూడా చదువుతారు. నవ్వే ఎమోజీ పెట్టినా రిప్లై కిందే లెక్క. "ప్లీజ్ స్టాప్" అని పదిమంది పెట్టడం ఇంకా అన్యాయం, అసలు గొడవకన్నా ఆపండి ఆపండి అనే మెసేజ్‌లే ఎక్కువైపోతాయి. దానిబదులు ఎవరైనా పనికొచ్చే మెసేజ్ పెట్టండి, మెయింటెనెన్స్ లెక్కో, రేపటి కరెంట్ కోతో, మాట దానిమీదకి మళ్ళుతుంది.

ఒక్క చోట మాత్రం ఊరుకోకూడదు, మనుషుల ప్రాణం మీదకొచ్చే పుకారు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో తిప్పితే తెలంగాణతో సహా చాలా చోట్ల అమాయకుల్ని పట్టుకుని కొట్టారు, ప్రాణాలు పోయాయి. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి 5 చాట్‌లకే ఫార్వర్డ్ అని కట్టడి పెట్టింది, రెండు బాణాల గుర్తుతో "ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్" అని వచ్చేవాటికైతే 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాటే. ఆ గుర్తున్న మెసేజ్ మన కాలనీలో జరిగినట్టు చెప్తుంటే అనుమానించాల్సిందే. ఒక్కసారి, స్వైప్ చెయ్యకుండా, నిజం ఏంటో రెండు లైన్లలో పెట్టి వదిలెయ్యండి.

సమస్య 3: తెలీని నంబర్, ఇంట్లోంచే రోజుకి మూడు వేలు

ఇతను మనిషని అనుకోవద్దు, లింక్ దొరికి దూరినవాడు. నంబర్ ముందు +91 బదులు +84, +62 లాంటివి ఉన్నా, డీపీలో అందమైన అమ్మాయి ఉన్నా, షేర్ల టిప్స్ అన్నా అనుమానం అక్కర్లేదు, మోసమే అనుకోండి. కొంతమంది గ్రూప్‌లో ఏమీ పెట్టరు, మెంబర్ల నంబర్లు చూసుకుని విడిగా మెసేజ్ చేస్తారు, అదే ప్రమాదం.

ఇక్కడ మర్యాద, ఓపిక, విడిగా చెప్పడం ఏవీ వద్దు. మెసేజ్ మీద నొక్కి పట్టుకుని రిపోర్ట్ కొట్టండి, మీరు కొట్టినట్టు అతనికి తెలీదు. మీ వరకు సెట్టింగ్స్‌లో ప్రైవసీ, గ్రూప్స్ దగ్గర "మై కాంటాక్ట్స్" పెట్టుకోండి, తెలీనివాళ్ళు మిమ్మల్ని కొత్త గ్రూపుల్లోకి లాగలేరు. ఎవరికైనా డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అదే, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత.

సమస్య 4: బూతులు, ఆడవాళ్ళ ఫొటోలు, బెదిరింపులు

స్క్రీన్‌షాట్ తీసుకోండి, తేదీ, నంబర్ కనపడేలా. తర్వాత రిపోర్ట్, కేంద్రం వాళ్ళ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్. గ్రూప్‌లో పంచాయితీ పెట్టొద్దు.

సమస్య 5: అడ్మిన్ కదలడు

చాలామంది అడ్మిన్లు బద్ధకంతో కాదు, భయంతో ఊరుకుంటారు. ఎన్నికలప్పుడు గ్రూప్‌లో ఏం వచ్చినా అడ్మిన్‌దే బాధ్యత అని మెసేజ్‌లు తిరుగుతాయి కదా, దాంతో "నాకెందుకు" అని దూరంగా ఉంటారు. 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు, మెంబర్ పెట్టినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన నేరం అంటదని చెప్పాయి. అతనికీ అందులో పాత్ర ఉంటే వేరే సంగతి. ఇది ఆయనకి పంపండి, కొంచెం ధైర్యం వస్తుంది.

ఆయన కదిలితే చేయించాల్సినవి మూడే. పాత ఇన్వైట్ లింక్ రీసెట్, కొత్త మెంబర్లకి అప్రూవల్ ఆన్, ఓపికున్న ఇంకో ఇద్దరికి అడ్మిన్ ఇవ్వడం. అడ్మిన్ ఇప్పుడు ఎవరి మెసేజైనా అందరికీ డిలీట్ చెయ్యొచ్చు, ఎవరు తీశారో అందరికీ తెలుస్తుంది, అది మంచిదే. విసిగిపోయి ఆయన ఒక్కడే అడ్మిన్‌గా ఉండి బయటికెళ్తే మాత్రం వాట్సాప్ ఎవరో ఒకరిని తోచినట్టు అడ్మిన్ చేసేస్తుంది, ఆ ఒక్కడు రెండో సమస్యలో చెప్పుకున్న మహానుభావుడే అయ్యే అవకాశం కూడా ఉంది. వెళ్ళేముందు పగ్గాలు ఇంకొకరికి ఇచ్చి వెళ్ళమనండి.

అసలు కదలకపోతే? కొత్త గ్రూప్ పెట్టండి, పాతదాంట్లో ప్రకటించకుండా. నీళ్ళు, కరెంట్, మెయింటెనెన్స్ మాత్రమే, సెండ్ మెసేజెస్ "ఓన్లీ అడ్మిన్స్" పెట్టి, ముగ్గురు అడ్మిన్లు. ఫ్లాట్‌కొకరు చొప్పున చేర్చండి, లింక్ ఇవ్వొద్దు. పాత గ్రూప్‌ని అలాగే వదిలెయ్యండి, పువ్వుల బొమ్మలు పెట్టేవాళ్ళకీ, పార్టీల గొడవలకీ ఒక చోటుండాలి కదా, మూసేస్తే వాళ్ళందరూ కొత్తదాంట్లోకొస్తారు. మీరు పాతదాంట్లోంచి బయటపడాలంటే ఎగ్జిట్ కొట్టండి, 2022 నుంచి ఆ సంగతి అడ్మిన్లకే తెలుస్తుంది, మిగతావాళ్ళకి నోటిఫికేషన్ వెళ్ళదు, కాకపోతే మెంబర్ల లిస్ట్ కింద పాత మెంబర్లలో 60 రోజులు పేరు కనపడుతుంది. "ఏంటి వెళ్ళిపోయావ్?" అని ఎవరైనా అడిగితే ఫోన్ నిండిపోయిందని చెప్పండి, అబద్ధం కూడా కాదు.